నిచ్చెన మొదలు

2024 మార్చి 4 నాటికి సోంబరు కింద నిచ్చెన పట్టుకుని ఎక్కించే కుర్రాళ్లు తొమ్మిది మంది. వారిలో ఒక్కడూ అతని కొడుకు కాదు.

అరకుకు ఎగువన ఉన్న ఆ కొండ ఊళ్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకిస్తారు. కోత రోజుల్లో, కణుపుల దగ్గర కాలు మోపేందుకు కొమ్మల మొదళ్లు ఉంచి నరికిన ఒంటి వెదురును నిచ్చెనగా చెట్టుకు ఆనిస్తారు. కొడుకు ఎక్కుతాడు, తండ్రి కింద నిచ్చెన మొదలు పట్టుకుంటాడు. ఆడవాళ్లు పట్టకూడదన్నది ఊరి కట్టు. అందువల్ల తండ్రి లేని కుర్రవాడికి ఎక్కే దారి లేదు. మిరియం ఎక్కనివాణ్ణి ఊరు మగవాడిగా ఎంచదు. సోంబరు ఆసరాతో ఎక్కే ఆ తొమ్మిది మంది కుర్రాళ్ల తండ్రుల్లో కొందరిని సారా తీసుకుపోయింది, కొందరిని జ్వరం. ఎవరి గంజాయి సరుకో మోసి జైలుకు పోయినవారు మరికొందరు. ఇంకో కట్టు కూడా ఉంది. పొద్దుగూకేసరికి నిచ్చెనను నేల మీద పడుకోబెట్టాలి. నిలబెట్టి వదిలితే, పైన ఇంకా మనిషి ఉన్నట్టు.

సోంబరు వయసులో ఉండగా డొంకరాయి వైపు కాంట్రాక్టు పనులకు వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు. కొడుకు ఫల్గుణను భార్య రత్నాలే పెంచింది. తిరిగి వచ్చి ఆశగా నిచ్చెన మొదలు పట్టబోతే, కొడుకు అతని చేతులు తప్పించాడు. ఎవరూ పట్టకుండానే ఎక్కడం నేర్చుకున్నానని, ఇప్పుడు కొత్తగా పట్టేవాడు అక్కర్లేదని అన్నాడు. ఆ ఏడే విశాఖపట్నం వెళ్లిపోయాడు, మళ్లీ కోతకు రాలేదు. పెరట్లో ఒక చెట్టు మీది మిరియాన్ని సోంబరు అతని కోసం ఏటా కోయకుండా ఉంచుతాడు. గింజ ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, రాలిపోతుంది. పిట్టల్ని మేపడానికే పెంచుతున్నావేటి అని రత్నాలు ఎకసెక్కమాడుతుంది. ఆ తర్వాత రాలిన గింజల్ని తనే ఏరుకుంటుంది.

మొదలు పట్టినవాడు పైకి చూడకూడదు. బెరడు పొడి కళ్లలో పడుతుంది. అందుకే కుర్రాళ్లు పైనుంచి, కింద వంచి ఉన్న తలతో మాట్లాడినట్టు మాట్లాడతారు; ఎదురుగా నిలబడితే నోరు పెగలనివన్నీ అక్కడినుంచి రాలతాయి. మొదటిసారి ఎవరు తాగించారో, ఏ గుంటపిల్లకు ఫోన్ చేయాలని ఉందో, అమ్మ మీద ఎందుకు చెయ్యెత్తారో. సోంబరు మధ్యలో ఊఁ కొడతాడు. వారిలో ఒకడైన మంగ్లు పద్నాలుగో ఏట మొదటిసారి ఎక్కినప్పుడు వణుకు ఆపుకోవడానికి తాటాకు చప్పుడులా గడగడా మాట్లాడాడు. బైకుల మీద వచ్చినవాళ్లు లోడు మోస్తావా అని అడిగిన సంగతీ చెట్టు మీదినుంచే చెప్పాడు. సోంబరు నీతులేమీ చెప్పలేదు. మర్నాటి నుంచి వారం రోజులు వాడికి ఊపిరి సలపనంత పని పెట్టాడు. వాడికిప్పుడు పంతొమ్మిది.

ఆ సోమవారం కబురు వచ్చింది. జైల్లో ఉన్న మంగ్లు తండ్రి యర్రయ్య విడుదలవుతున్నాడు. ఇకనుంచి నిచ్చెన మొదలు అతనే పట్టుకుంటాడని సోంబరు అన్నాడు. చెట్టు మీద మంగ్లు చేతులు ఆగిపోయాయి.

"ఆడు పట్టుకుంటే నానెక్కను మావా. ఆడి సెయ్యి ఎలాగుంటాదో నాకు తెల్దు. నువ్వే పట్టు."

సోంబరుకు గుండె నిండినట్టయింది. ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట అదే. చెప్పవలసిన గొంతు మాత్రం అది కాదు.

"మీ అయ్య వొచ్చాక నాను పట్టను."

"అయితే మిరియమే ఒగ్గేత్తాను. లోడోల్లు ఇంకా అడుగుతున్నారు."

సోంబరు తల పైకెత్తాడు. పొడి కళ్లలో పడినా తుడుచుకోలేదు.

"ఒక్కపాలి ఎక్కి సూడు. ఆడు ఒగ్గేత్తే అప్పుడు నన్నడుగు. ఈ మాట మా ఫల్గుణకి సెప్పినోడు లేడురా."

మంగ్లు దిగి, బుట్టను అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నిచ్చెనను సోంబరు ఒక్కడే దించాడు.

మరుసటి వారం యర్రయ్య వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయిన ఆ మనిషి, కొత్తవాళ్ల తోటలోకి వచ్చినట్టు గట్టు మీదే ఆగాడు. పాదం ఎక్కడ నొక్కాలో సోంబరు తన కాలితో చూపించాడు. "పైకి సూడకు బావా," అన్నాడు. "ఇంటే సాలు." మంగ్లు వస్తాడో రాడో ఇద్దరికీ తెలియదు. ఎండ చెట్ల మధ్యకు దిగుతుండగా వాడు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మొదటి కణుపు మీద కాలు పెట్టాడు. సగంలో ఆగి, బరువు మార్చి చూశాడు. నిచ్చెన కదలలేదు.

సోంబరు దూరపు వరుసల్లోకి వెళ్లిపోయాడు. వెనక ఆకుల్లో మిరియం కోసే చప్పుడు మొదలైంది. తర్వాత పైనుంచి ఒక మాట, చాలా ఆలస్యంగా కిందినుంచి ఒక ఊఁ. మళ్లీ పైనుంచి. ఏమంటున్నాడో సోంబరుకు అందలేదు. ఆ గొంతు వైపు రెండడుగులు వేసి, ఆగి, కలుపు మొక్క పీకడానికన్నట్టు వంగాడు.

సాయంత్రం ఆ తండ్రీకొడుకులు నిచ్చెనను చెరో కొసా పట్టి పడుకోబెట్టి వెళ్లారు. సోంబరు తన నిచ్చెనను భుజాన వేసుకుని ఇంటికి వచ్చి, పెరట్లోని చెట్టుకు ఆనించాడు. గింజలు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దుగూకింది, బేగి పడుకోబెట్టు," అంది రత్నాలు గుమ్మంలోంచి.

సోంబరు తల వంచుకుని మొదలు దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత నిచ్చెనను అలాగే ఉంచి లోపలికి నడిచాడు.