అంచు చిక్కుడు

ఉడికిన అన్నం గంజి వార్చేటప్పుడు లేచే ఆవిరికి ఒక వాసన ఉంటుంది. కుక్కర్లు వచ్చాక అది మా ఇళ్లల్లోంచి పోయింది గానీ, మడికొండలోని ఈ మూడో అంతస్తు ఫ్లాటులో నేను మాత్రం చలికాలమంతా వారానికోసారి పాత సత్తు గిన్నె కిందికి దించి, అన్నం వండి, గంజి వార్చి, ఒక రోజంతా పక్కన పెట్టి పులవనిస్తాను. బాల్కనీ కుండీలో చిక్కుడు తీగ ఉంది. దానికి ఏటా నల్లబంక పురుగు పడుతుంది. మిద్దెతోటల గ్రూపులో అడిగితే తలా ఒక సీసా పేరు చెబుతారు, ఒకరు వేపనూనె అంటారు, ఒకరు సబ్బునీళ్లంటారు, ఆ సీసాలన్నీ సగం సగం మిగిలి మూలన నిలబడ్డాయి. యాభై దాటిన మనిషికి పురుగుతో పోరు పెట్టుకునే ఓపిక ఎక్కడిది? అయినా పులిసిన గంజి వాసన తగలగానే నేను మా పెరట్లో ఉంటాను, కాళ్లకు మంచు తడి అంటుతుంది, కళ్లు నిద్రకు మూతలు పడుతుంటాయి.

మాది వరంగల్లులో నేతవాళ్ల వాడ. ముందు గదిలో బాపు గుంట మగ్గం, నడిమింట్లో అమ్మ కండెలు చుట్టే రాట్నం, వెనక గోడకూ బావికీ మధ్య నాయనమ్మ పెరడు. పెరడంటే నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. మృగశిర కార్తెలో మిరుగు వాన పడగానే ఆ జాగాలోనే సొర, బీర, గుమ్మడి పాకేవి, గోడవార పుంటికూర, అదే గోంగూర, మొలిచేది, బావి నీళ్లు పారేచోట వంగ, బెండ, మిరప నిలబడేవి. ఏడాది పొడుగునా వాటిల్లో దేనికో ఒకదానికి రోగం. వంగకు పుచ్చు, బెండకు పసుపు ఈనెలు, మిరపకు ముడత, గుమ్మడికి ఎర్ర పెంకుపురుగు. బతుకమ్మ పండక్కి వాడంతా నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దల వాసనల్లో తేలుతుంటే, పురుగు కొరకని గుమ్మడి పూలు నాలుగు దొరుకుతాయా అని నేను తీగల కింద దూరి వెతుకుతూ ఉండేదాన్ని. పాడుపడ్డ తోట అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

నాయనమ్మకు మాత్రం విసుగు లేదు. మంచు తడి ఆరకముందే పిడకల బూడిద జల్లించి ఆకుల మీద చల్లేది. పొగాకు కాడలు నానబెట్టిన నీళ్లు, దంచిన వేపగింజల పిండి, కిరసనాయిలు చుక్కలు వేసిన నీళ్ల డబ్బా, ఇవీ ఆమె మందులు. డబ్బా నా చేతిలో ఉండేది, ఆకు తిప్పి పురుగును వేళ్లతో పట్టి అందులో వేయడం నా పని. ఎవరైనా పిందెను వేలు చాపి చూపిస్తే కుళ్లిపోతుందని, చూపాలంటే వేలు మడిచి చూపాలని ఆమె చట్టం. చుట్టాలు వస్తే వాళ్ల వేళ్ల మీద కూడా కన్నేసి ఉండేది.

వాటన్నిటికంటే పైది అంచు చిక్కుడు. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన నాడు నాయనమ్మ కొంగున ముడేసుకుని తెచ్చిన విత్తనం అది. లేత ఆకుపచ్చ కాయకు రెండు వైపులా వంకాయ రంగు గీత, మగ్గం మీద చీరకు అంచు తీసినట్టే ఉండేది, అందుకే మా వాడ దానికి ఆ పేరు పెట్టింది. నువ్వుల పొడి వేసి ఇగిరబెట్టి, జొన్నరొట్టెలో పెట్టుకుని తింటే ఇంకో కూర ఎందుకనిపించేది. ఏటా తీగ పైకొసన నాలుగు కాయలు తెంపకుండా వదిలి, చీర పేలికతో గుర్తు కట్టి, ఎండాక గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేది. ఒక ఏడు కుండ విప్పితే గింజలన్నీ పుచ్చిపోయాయి. మూడే మిగిలాయి. మూడూ పెడితే ఒక్కటి మొలిచింది. అంతకుముందు ఆమె దగ్గర విత్తనం తీసుకున్న రెండిళ్లలో పెరళ్లు పోయి మరమగ్గాల రేకుల షెడ్లు లేచాయి. అంటే ఆ ఒక్క తీగ చచ్చిపోతే అంచు చిక్కుడు ఇంక లేనట్టే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పదేళ్ల దాన్ని, నాకూ తెలుసు.

ఆ ఏడే బాపుకు దగ్గు పట్టుకుంది. దవాఖాన గోళీలు మింగుతున్నా మగ్గం గుంటలోంచి దగ్గు వినపడుతూనే ఉండేది. నోటికి ఏదీ రుచించక సగం కంచం వదిలేసేవాడు, అంచు చిక్కుడు కూర అయితే నాలుగు ముద్దలు పోతాయేమో అనేవాడు. దగ్గు తగ్గితే మేడారం తల్లులకు బంగారం ఇస్తానని నాయనమ్మ మొక్కుకుంది, అక్కడ బెల్లాన్నే బంగారమంటారు. తీగ పందిరెక్కి, పూత పట్టి, పిందె దిగే వేళకు పుష్యమాసం చలితో పాటు నల్లబంక దిగింది. లేత కొసల నిండా ఆవాలు అద్దినట్టు పురుగు, దాని వెంట చీమల బారు.

దానికి మా ఇంట్లో మందు గంజే. మగ్గానికి ఎక్కించే ముందు బాపు పడుగు దారాలకు పట్టించడానికి కాచిన గంజిలో మిగిలినదాన్ని నీళ్లలా పలచన చేసి, ఎండ వచ్చే ముందు బంక మీద చల్లితే, మధ్యాహ్నానికి ఎండి పొరలు పొరలుగా రాలేది, పురుగు కూడా ఆ పొరకు అంటుకుని రాలేది. రాలినంతా మూడు రోజుల్లో మళ్లీ పుట్టేది. అందుకని నాయనమ్మ రోజూ తెల్లవారగానే నన్ను లేపేది.

"లెవ్వు బిడ్డా, నాకు కండ్లు మసక కొడ్తానయి. నీ కండ్లతోని జర చూడు."

ఆ మాట ఇంకొక్కసారి వినాలని ఇప్పుడు ఉంటుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండేది. వాడలో నా ఈడు పిల్లలంతా దుప్పట్లో ముడుచుకుని ఉండే వేళ నేను చలికి ముక్కు తుడుచుకుంటూ ఒక్కో ఆకు తిప్పి చూస్తున్నాను. నిన్న చూసిన ఆకే, నిన్నటి పురుగే. బడిలో కునికిపాట్లు పడితే పంతులమ్మ చెవి మెలిపెట్టేది. నేను చాలా అలిసిపోయాను. పదేళ్లకే అంత అలసట ఉంటుందా అని నవ్వకండి, ఉంటుంది.

అప్పుడే తొర్రూరు నుంచి మా మేనమామ సత్తయ్య పత్తి అమ్మడానికి వచ్చి, ఒక పూట మా ఇంట్లో ఆగాడు. తీగను చూసి, చేనుకని కొన్న మందులోంచి చిన్న సీసాలోకి వంపి ఇచ్చాడు.

"ఒక్క మూతెడు బిందెడు నీళ్లల్ల కలిపి కొట్టుండ్రి అత్తా, మళ్ల బంక మొకం చూడరు. మా పత్తికి గిదే కొడ్తానం."

"పత్తిని ఎవడు తింటడు సత్తయ్యా?" అంది నాయనమ్మ. అని, వచ్చిన చుట్టం చిన్నబుచ్చుకుంటాడని సీసా తీసుకుని, రంగులు పెట్టే గూట్లో సోడా డబ్బా వెనక దాచింది. ఆమె దాచడం నేను చూశాను.

తర్వాతి ఆదివారం పొద్దున మా ఇంటి పడుగు వీధిలో చాచారు. బాపు, అమ్మ, నాయనమ్మ, పక్కింటివాళ్లు అటొకరు ఇటొకరు నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. పెరట్లో నేనూ, చెంబెడు గంజీ, తీగ నిండా బంకా. మామ చెప్పినట్టు నీళ్లలో కలిపితే మందు ఆకు మీద నిలవదని, జారిపోతుందని నాకు తోచింది. నేతింటి పిల్లను కదా, గంజి పడితే దారం మీదే పట్టుకుని కూర్చుంటుంది, ఆకు మీద కూర్చోదా అనుకున్నాను. ఒక మూతకే చస్తే మూడు మూతలకు ఇంక పుట్టనే పుట్టవని కూడా అనుకున్నాను. గూట్లోంచి సీసా తీసి, చెంబెడు చిక్కటి గంజిలో, పలచన చేయకుండానే, మూడు మూతలు కలిపి, వేపమండతో తీగంతా చల్లాను. కొంత నా లంగా అంచు మీద పడింది. సీసా తుడిచి, మూత బిగించి, ఎక్కడిది అక్కడ పెట్టాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మర్నాటికి ఒక్క పురుగు లేదు, చీమలు కూడా లేవు. నాయనమ్మ కొసలు తడిమి చూసి నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "నా బిడ్డ చెయ్యి మంచిది. రేపు జర పండుకో, నేను లేపను" అంది.

లేపలేదు. మంగళవారం నేను లేచేసరికి ఆమె చాటనిండా అంచు చిక్కుళ్లు ముందేసుకుని ఈనెలు తీస్తోంది, బాపు పక్కనే కూర్చుని చూస్తున్నాడు, చాలా రోజుల తర్వాత అతని ముఖంలో తిండి మీద ఆశ కనపడింది. ఈనెలు విసిరినవి విసిరినట్టు కోడిపెట్ట ఏరుకుంటోంది. "మంచిగ కడుగు నాయనమ్మా" అన్నాను. "కడగకుంటనే వండుతనా?" అని నవ్వింది. కడిగితే పోతుందిలే అని నాకు నేను చెప్పుకుని బడికి పోయాను.

బడిలో నేల మీద కూర్చుని ఒళ్లో పలక పెట్టుకుంటే చేతికి గరుకుగా తగిలింది. ఆదివారం నాటి లంగా అంచు. అమ్మ సోమవారం ఉతికి ఆరేసింది, అయినా గంజి పడ్డచోట అట్టకట్టి అలాగే ఉంది. దాన్ని గోటితో గీకాను. రాలేదు. పంతులమ్మ పిలుస్తూనే ఉంది, నేను లేచి పరుగెత్తాను.

ఇంట్లోకి వచ్చేసరికి బాపు కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతున్నాడు. నేను కాలితో కంచాన్ని తన్నాను. అన్నం, కూర మగ్గం గుంటలో పడ్డాయి. అమ్మ నా వీపు మీద రెండు వేసింది, మూడోది వేయబోతుండగా, వెనక తలుపులోంచి కనపడే బావి దగ్గర కోడిపెట్ట రెక్కలు టపటప కొట్టుకుని ఒక పక్కకు ఒరిగిపోయింది. అందరం దాన్నే చూశాం.

"ఏం కలిపినవ్ బిడ్డా?" అంది నాయనమ్మ మెల్లగా.

"మామ ఇచ్చిన మందు. గంజిల."

నాయనమ్మ బాపు చేతిని తనే పట్టుకుని బూడిదతో మూడుసార్లు కడిగింది. నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. సాయంత్రం కొడవలి తెచ్చి తీగను మొదట్లో కోసింది. పందిరి మీది నుంచి లాగుతుంటే పేలికలు కట్టిన నాలుగు విత్తనం కాయలు కూడా కిందికి దిగాయి, ఇంకా సగమే ఎండాయి. గింజలు లోపల ఉన్నాయి కదా, వాటికేం కాదు, అవి దాచు నాయనమ్మా అని ఏడ్చాను.

"గంజి పట్టింది కడిగితె పోదు బిడ్డా. లోపటికి దిగిందో దిగలేదో నాకేం ఎరుక? రేపు ఎవరి కంచంల పడ్తదో" అంది. పేలికలు విప్పుకుని, కాయలను తీగతో పాటు కోడిని పూడ్చిన గుంతలోనే వేసి మట్టి కప్పింది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో చివరిది అదే.

వేసవికి గోళీలతోనే బాపు దగ్గు తగ్గింది, తర్వాతి జాతరలో తల్లులకు బంగారం ముట్టింది. పెరట్లో మళ్లీ బీర, సొర పెట్టారు. వాటికి మళ్లీ పురుగు పట్టింది. నాయనమ్మ మసక కళ్లతోనే ఆకులు తడుముకునేది. ఆ రోజు నుంచి నన్ను మాత్రం ఎప్పుడూ లేపలేదు. నేను కోరుకున్న నిద్ర నాకు దొరికింది, కానీ కళ్లు మూసుకుని పడుకుని, పెరట్లో ఆమె కాళ్ల చప్పుడు వింటూ, ఇవాళ పిలుస్తుందేమోనని చూసేదాన్ని.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, వీధిలో చాచిన పడుగులు లేవు, గంజి కాచేవాళ్లు లేరు. నాకు పొద్దున ఐదింటికే మెలకువ వస్తుంది, ఎవరూ లేపరు. ఏటా ఎక్కడో ఒకచోట నుంచి చిక్కుడు గింజలు తెస్తాను. తొర్రూరు సంతలో అడిగాను, మేడారం దారిలోని ఊళ్లల్లో ముసలివాళ్లనూ అడిగాను. అంచు ఉన్నదే అని ఇచ్చారు. తెచ్చి పెట్టి, ఆకులు తిప్పి చూసి, గంజి చల్లి, కాయ దిగేదాకా కాపలా ఉంటాను. నిన్న మొదటి కాయ చేతికొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో రెండు వైపులా తిప్పి చూశాను. ఈసారీ అంచు లేదు.