కూత విని వేసిన మాల

మా రైల్వే క్వార్టర్ల పరువును ఒక్క పూటలో పాకాల దాకా మోసుకెళ్లి పారబోసింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనొక్కణ్ణేనా? విని మీరే తీర్పు చెప్పండి.

మీటరుగేజి తీసేసి పెద్ద లైను వేస్తున్న రోజులవి. మా క్వార్టర్లలో గడియారంతో పని లేదు. ప్రతి డ్రైవరుకూ ఒక సొంత కూత. పక్కింటి మునస్వామి మామది రెండు పొట్టివి, ఒక సాగదీత. అది వినగానే అత్త పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఏ కూత ఎవరిదో చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. గ్యాంగ్‌మన్ కొడుకుని, ఉద్యోగం లేదు, చెవులున్నాయి.

ఆ రోజు మీటరుగేజి మీద చివరి పాసింజరు. తెచ్చేది మామ, ఆయన రిటైరయ్యేదీ ఆ రోజే. మనవాళ్ల చేతి మాల ఒకటి మెడలో పడితే చాలని ఆయన కోరిక. బంతిపూల మాల, పలకల మేళం, వడలు, అన్నిటికీ పెద్దరికం నాదే.

కూత వినిపించింది. రెండు పొట్టివి, ఒక సాగదీత.

"మామే. కొట్టండప్పా పలకలు," అన్నాను.

"ఒరే, పెట్టెల్లో రాళ్లుండాయే," అన్నాడు మా నాయన.

"మీటరుగేజికి కడాపొద్దు గదా నాయనా, ఎవురెక్కతారు? బరువుకు ఏసుంటారు."

స్టేషన్ మాస్టరు కిటికీలోంచి చేతులూపుతూ అరిచాడు. పలకల మోతలో అది ఆనందమనుకున్నాం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికొకడు. మావాళ్లు ఆ దూడకు మాల కూడా తెచ్చారు. జనాన్ని చూసి బండి ఆగింది. ఇంజన్లోంచి వంగిన మెడలో మాల వేసి తలెత్తితే, నూనూగు మీసాల పిల్లవాడు. అది పెద్ద లైనుకు కంకర తోలే బండి.

"నాకా అన్నా ఇదంతా?" అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఏడ్చేవాడి మెడలోంచి మాల లాగేదెలా? వడలు తిని, పలకలవాళ్లను కూడా ఎక్కించుకుని పోయాడు.

కాసేపటికి మామ వచ్చాడు, ఇంజన్లోంచి బారెడు మెడ చాపి.

"ఏమబ్బా, మాల యాడ?"

"ఏసేసినాము మామా."

"ఎవురికి?"

"కంకరబండికి. వాడు నీ కూతే కూసినాడు."

"వానికి నేర్పింది నేనే గదరా. చెవులు సరే, కండ్లు యాడ తాకట్టు పెట్టినావు?"

చూశారా, నేర్పింది ఆయన. కంకరబండి కూతకు ఎసరు పెట్టింది ఆయన సొంత పెళ్లాం. ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషే మోసపోతే, తిట్లు నాకా?

"ఎక్కు. ముందు స్టేషన్లో మాల ఏస్తారు, సూసి నేర్చుకో," అన్నాడు.

ముందు స్టేషన్లో ఎంగిలాకులే మిగిలున్నాయి. ఆ తర్వాతి దాంట్లో కొబ్బరిచిప్పలు. దారి పొడుగునా అందరూ చేసిన పనికి పేరు మాత్రం నా ఒక్కడిదే, ఇదెక్కడి న్యాయం?

పాకాలలో కంకరబండి పిల్లవాడు చెవుల దాకా పూలలో మునిగి నిలబడి ఉన్నాడు. మామ దిగి ఎగాదిగా చూశాడు.

"ఏమిరా, నీకూ ఈ పొద్దే రిటైరా?"

"లేదు గురువా. బండి చేతికొచ్చి నెల గూడా కాలేదు."

అక్కడే చెవులు రెండూ పట్టుకుని ఒట్టేసుకున్నాను, మొహం చూడకుండా ఈ జన్మలో ఎవరి మెడలోనూ మాల వేయనని. నా పెళ్లిలో ముహూర్తం దాటిపోతోందని అయ్యవారు ఎంత మొత్తుకున్నా, తెర దించి పిల్లను చూపిస్తే గాని దండ ఎత్తలేదు.