జమ్మలమడుగు పెండ్లి టేపు

చాలా ఏండ్లుగా నేనొక చెయ్యిని మోస్తున్నాను. మనిషిని కాదు, చెయ్యిని మాత్రమే. వాచీని మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకున్న చెయ్యి. దాని బరువెంతుంటుందిలే అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. డాక్టరు షుగరంటాడు. ఆయన మాట నేను కాదనను, ఆయన చదువుకున్నది దాన్నే. మీకు మాత్రం అసలు సంగతి చెబుతాను. నన్ను మీరు చూడలేరు, మిమ్మల్ని నేను చూడలేను. నాలాంటి పిరికివాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు.

ప్రొద్దుటూరులో నాకు పెండ్లి వీడియోల మిక్సింగ్ షాపు ఉండేది. తీసేదీ నేనే, కూర్చేదీ నేనే. పెండ్లికొడుకు తల చుట్టూ గులాబీలు తిప్పడం, పెండ్లికూతుర్ని తామరపూవులోంచి పుట్టించడం నా కళ. ఫ్యాక్షన్ రోజులు కదా, మా వైపు మాకు ఇంకొక పని కూడా ఉండేది. బోర్డు మీద రాయలేదు గానీ అందరికీ తెలుసు. తాళి కట్టేనాటికి ఒక పార్టీలో ఉన్న చిన్నాయన, సీడీ చేతికొచ్చేనాటికి ఇంకో పార్టీలో ఉండేవాడు. అప్పుడు ఇంటివాళ్ళు వచ్చి "ఆయప్ప మొగం మాకు కనపడగూడదు" అనేవాళ్ళు. దానికి మేం పెట్టుకున్న పేరు క్లీనింగు. చిన్నాయన తిరిగొస్తే మళ్ళీ పెట్టమని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే మా వృత్తిలో సగం పనితనం.

పని ఎట్లా చేసేవాణ్ణో చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. కంప్యూటర్లో క్లిప్పులను దుప్పట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి పరుస్తాం. పైది కిందిదాన్ని కప్పేస్తుంది. వద్దన్న మనిషి ఉన్న క్లిప్పును కోసేస్తే దాంతోపాటు మేళం కూడా తెగుతుంది, చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. అందుకని కోయను. దాన్ని కిందనే ఉంచి, పైన పిల్లలు లడ్లు తినే క్లిప్పొకటి పరుస్తాను. మేళం మోగుతానే ఉంటుంది, మనిషి ఉండడు. పై క్లిప్పు చివర డిజాల్వ్ వేస్తే అది మెల్లగా కరిగి తర్వాతి దృశ్యంలో కలుస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. పైది కరిగేలోపు కిందిది అయిపోవాలి. అయిపోకపోతే, ఏది దాచామో అదే తేలుతుంది.

జమ్మలమడుగులో ఒక పెండ్లి. పెండ్లికొడుకుకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన దేవదానం సారు ఆ పెండ్లికి వచ్చాడు. మిషన్ బడి కాలం నుంచీ పంతుళ్ళ వంశం. శిష్యుడి పెండ్లని చొక్కా చేతులు మడిచి, బంతిలో రసం వడ్డించాడు. నేను తీశాను. అదే మధ్యాహ్నం, దూరాన పులివెందుల దగ్గర తొండూరు దారిలో ఒక జీపు మీద బాంబులు వేశారు. ఒకాయన పోయాడు. కేసులో ఎవరెవరి పేర్లు ఎక్కాయో అందరికీ తెలిసిందే, చేసినవాళ్ళకంటే గిట్టనివాళ్ళ పేర్లే ఎక్కువ. అంతకుముందు ఎలక్షన్ డ్యూటీలో దేవదానం సారు ఓట్ల పెట్టెల దగ్గర వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు. ఆయన పేరూ ఎక్కింది.

పెండ్లికూతురి మేనమామ ఆ పోయినాయన పార్టీ మనిషి. షాపుకొచ్చి, ఆ సారును క్లీన్ చెయ్యమన్నాడు. అప్పటికి నాకు కేసు సంగతి తెలుసా? తెలియదని చాలా ఏండ్లు నాకు నేను చెప్పుకున్నాను. బస్సులో ఎవరో అంటుంటే విన్నాను. విననట్టు కిటికీలోంచి బయటకి చూశాను. అంటే తెలుసు.

ఆ బంతిలో ఆయన చేతి రసం తాగినవాళ్ళు వందల మంది. సాక్ష్యం అడిగితే ఒక్కరికీ ఆ రుచి గుర్తు లేదు. పెండ్లికొడుకు మాత్రం ఎవరికీ తెలియకుండా తన సీడీని సారు భార్య సుగుణమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని ఎన్నిసార్లు చూసిందో. ఒకనాడు నా షాపు మెట్లెక్కి వచ్చింది.

"ఈడ ఆపప్పా. కొంచెం ఎనక్కి. ఆ... ఆ చెయ్యి ఎవురిది?"

లడ్ల పిల్లలు కరిగిపోతున్నారు. వాళ్ళ బుగ్గల్లోంచి రసం గరిటె, దాని వెనక ఒక మణికట్టు. రెప్పపాటు కాలం.

"యాడమ్మా? నీడ మాదిరి ఉండాది."

"నీడ వాచీ కట్టుకుంటాదా? అదీ లోపలికి తిప్పి? కట్టుకున్నదాన్ని నాకు తెలీదా నాయనా, ఆ చెయ్యి!"

అప్పుడు నాకు కలిగిన మొదటి బాధ ఏంటో చెబితే మీరు అసహ్యించుకుంటారు. అయ్యో, పైదానికి డిజాల్వ్ వేసి కిందిదాన్ని మరిచిపోయానే, ఎంత చెత్త పని అనుకున్నాను. ఒక మనిషి కడప జైల్లో ఉన్నాడు, నాకు పనితనం పోయిందని సిగ్గు. భయం ఆ తర్వాత వచ్చింది.

"అసలు టేపులో తేదీ, టైము పడతాయంట కదప్పా. వకీలు చెప్పినాడు. అదొక్కటి ఇయ్యి. నీ పేరు నేను యాడా చెప్పను."

టేపు ఆమె వీపు వెనక అరలోనే ఉంది. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో.

"లేదమ్మా. టేపులు మేము మళ్ళీ మళ్ళీ వాడతాం. దాని మీద ఇంకో పెండ్లి తీసేసినాం."

ఆమె తెర మీద ఆగిన చెయ్యి వైపు ఇంకోసారి చూసింది. తర్వాత అడిగింది.

"ఎవురి పెండ్లి?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. "మైలవరంలోదమ్మా" అన్నాను. మైలవరం పెండ్లి అప్పటికింకా జరగలేదు.

"సరేలేప్పా. ఆ పిల్లన్నా సల్లగుండనీ" అని కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది.

ఇంతవరకైతే పిరికితనం. ఇలాంటిదాన్ని మనుషులు అర్థం చేసుకుంటారు, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ కాస్తో కూస్తో ఉంటుంది. కానీ ఆ తర్వాత నాకు ఎన్నో దినాలు ఉన్నాయి. టేపు అరలో ఉంది. పోస్టులో పంపొచ్చు. వకీలు ఇంటి గడప మీద పెట్టి రావచ్చు. నేనేం చేశాను? దాన్నే కెమెరాలో వేసుకుని మైలవరం పోయాను. కొత్త టేపులు సంచిలో ఉండగానే. అబద్ధం చెప్పాను కదా, దాన్ని నిజం చేసేస్తే నేను అబద్ధాలకోరును కాకుండా పోతానని నా బుర్ర లెక్క కట్టింది. పెండ్లికూతురు నవ్వుతోంది, నేను బటన్ నొక్కాను. ఆ పిల్ల నవ్వు కింద ఆయన చెరిగిపోతుంటే, కెమెరా వెనక నిలబడి "కొంచెం ఇటు చూడమ్మా" అంటున్నాను. ఈసారి ఏమీ తేలలేదు. శుభ్రమైన పని.

దేవదానం సారు ఉద్యోగం ఆగిపోయింది. కేసు ఏండ్ల తరబడి నడిచింది. చివరికి రెండు వైపుల పెద్దలూ ఒకే పార్టీలో కలిశారు, రాజీ కుదిరింది, సాక్షులు మాట మార్చారు, కేసు పోయింది. అందరితోపాటు ఆయనా బయటికొచ్చాడు. అదే నన్ను తినేది. రాజీలో వచ్చాడు గానీ, ఆయన ఆ పని చేయలేదని ఎవరూ ఎక్కడా అనలేదు. మళ్ళీ బడికి పోతే పిల్లలు చాటుగా బాంబుల సారు అనేవాళ్ళంట. ఇప్పుడు కలమల్ల వైపు ఎక్కడో ఉంటున్నారు భార్యాభర్తలు. ఆ దారిలో పోయే బస్సు చాలాసార్లు ఎక్కాను. ప్రతిసారీ ఏదో ఒక సాకుతో ముందే దిగిపోయాను.

పోయి చెబితే ఆమె ఏమంటుంది? తిడితే భరించగలను. సరేలేప్పా అంటే?

వాళ్ళ పేర్లు ఇక్కడ మార్చాను. చూశారా, ఇంకా ఏదో ఒకటి కప్పకుండా నాకు పని సాగదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్క మాట మాత్రం కోర్టులో అనాల్సింది, ఆమె ముందు అనాల్సింది, ఎక్కడా అనలేదు. ఇక్కడ అంటున్నాను, బరువు కొంచెం తేలికవుతుందేమో.

తొండూరు దారిలో బాంబులు పడిన ఆ మధ్యాహ్నం, ఆ సారు జమ్మలమడుగులో ఉన్నాడు. నేను చూసినాను.