బిల్లు మిషన్లో ఉల్లిగడ్డ గడి

“ఆటో పోయింది, సూసినవా? నాట్లకు పోయే ఆరుగురు ఆడోళ్లు సరుకులు గల్లా మీదనే ఇడిసిపెట్టి పోయిన్రు. నువ్వింకా ఉల్లిగడ్డ ఏడుందని దేవులాడుతున్నవ్. రేపు గా డిగ్రీ సదివిన పిల్ల వస్తది, గల్లా మీద ఆమె కూసుంటది. నువ్వు ఇంట్ల ఉండు.”

“ఇంట్ల కూసునుడు నాకు రాదు. పదేండ్ల సంది ఒక్కలనన్న ఒట్టి చేతుల్తోని పంపిన్నా? మిషన్ తెచ్చింది నువ్వు, గడులు పెట్టింది నీ బిడ్డ. నన్నంటే ఏమొస్తది?”

మొన్న నల్లగొండలో ఓ పెద్ద దుకాణంలో, నా వెనుక పది మంది నిలబడి ఉండగా, బిల్లు కొట్టే అమ్మాయి అరకిలో బెండకాయల కోసం తెరనంతా వేలితో వెతుకుతుంటే, తెలంగాణ వచ్చిన కొత్తలో హాలియాలోని మా దుకాణంలో కొడుకూ కోడలూ పడిన ఈ తగువు ప్రతి మాటతో సహా గుర్తుకొచ్చింది.

నేను మూడో తరగతితో బడి మానేసి, పెళ్లయి వచ్చాక ముప్పై ఏళ్లు ఆ గల్లా మీద కూర్చున్నదాన్ని. మీకూ గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో చేయి చాచితే అందేచోట ఉప్పు, చింతపండు, ఉల్లిగడ్డ ఉండేవి, ఏడాదికోసారి అడిగే సరుకు అటకెక్కేది, కిరోసిన్ డబ్బాను పప్పు పక్కన పెట్టే తెలివితక్కువతనం ఎవరికీ ఉండేది కాదు. కొడుకు టచ్ స్క్రీన్ తెచ్చాక, ప్యాకెట్ల మీది గీతలను మిషనే చదువుకునేది గాని, విడిగా తూచి అమ్మే వాటికి గీతలుండవు కనుక ఒక్కోదానికి తెర మీద ఒక గడి పెట్టాల్సి వచ్చింది. కంప్యూటర్ చదువుతున్న మనవరాలు వాటిని ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చింది. ఉల్లిగడ్డ మూడో పేజీలోకి పోయింది. బిల్లంతా చెరిపేసే గడి, బిల్లు ముగించే గడికి ఆనుకుని కూర్చుంది.

కోడలి మీద నాకు అంత ప్రేమ ఉండేదని చెప్పను. ఇంటి మనిషి చేసే పనికి జీతమిచ్చి బయటి మనిషిని పెట్టడం నచ్చలేదు, అంతే. తగువైన ఆ పొద్దంతా గల్లా పక్కన కూర్చుని, అష్టాచెమ్మకు గీసినట్టు నేల మీద సుద్దతో గడులు గీసి, గుర్తుకు ఒకదాంట్లో ఉల్లిగడ్డ, ఒకదాంట్లో బెల్లం ముక్క, ఇలా పెట్టుకుని, ఎవరు ఏది అడిగితే దాని గడిలో ఒక చింతగింజ వేశాను. సాయంత్రానికి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, బెల్లం గడుల్లో గింజలు కుప్పపడ్డాయి. తెర మీద అన్నిటికంటే ముందు కూర్చున్న బాదంపప్పుకు ఒక్క గింజా పడలేదు.

గింజల లెక్కన గడులు మార్చమంటే, వరుస చెడితే అందం పోతుందని మనవరాలు గునిసింది. అందం ముగ్గుకు చాలు, దుకాణానికి చెయ్యి ఆడాలన్నాను. ఎక్కువ అడిగేవి కుడివైపు పెద్ద గడులయ్యాయి, చెరిపే గడి పైమూలకు పోయింది. నేను కూర్చుని ముట్టి చూస్తే వేలు ఎక్కడా తడుముకోలేదు. కోడలు కూర్చుంటే మాత్రం ఒక చేయి ఇంకో చేతికి అడ్డం పడి మళ్లీ తడబడింది. చేతగానిదని నేనూ అనేశాను.

ఆమె తల ఎత్తకుండా అన్నది: “కాంట కుడిపక్కకున్నది అత్తమ్మా. కుడిచేత్తోని తూకమేస్త, ఎడమచేత్తోని గడి ఒత్తుత. మీరు మీ చెయ్యి సూసుకున్నరు, నా చెయ్యి సూడలే.”

ఒళ్లో తక్కెడ పెట్టుకుని బతికిన నాకు ఆ మాట తట్టనే లేదు. మనవరాలు గడులన్నీ ఎడమకు జరిపింది. ఏ సరుకు ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చేతికి తెలిసే ఆ విద్య నాతోనే పోతుందని అనుకునేదాన్ని. అది నన్ను వదిలి ఎప్పుడో కోడలి చేతికి చేరిందని ఒప్పుకోవడానికి ఆ సాయంత్రం నాకు మనసు రాలేదు, ఇప్పుడైతే చెప్పగలను.

మర్నాడు పొద్దున నాట్ల ఆటో ఆగింది. ఆరుగురూ సద్దిలోకి ఉల్లిగడ్డలు, మిరపకాయలు తీసుకుని, డ్రైవరు రెండోసారి హారన్ కొట్టేలోపు ఎక్కి కూర్చున్నారు. డిగ్రీ చదివిన పిల్ల తొమ్మిదింటికి వచ్చింది. కొడుకు ఆమెకు చాయ్ తాగించి, బస్సు కిరాయి ఇచ్చి పంపించాడు.