వాలు లేని చోట ఆగిన జీపు

మా ఇంట్లో ఎవరైనా కొత్త ఊరికి వెళ్లివస్తే, అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు, భోజనం ఎలా పెట్టారు అని ముందుగా అడిగేవాళ్లు కారు. వాలు ఉందా అని అడిగేవాళ్లు. మా నాయన జీపు వాలులో తప్ప స్టార్టయ్యేది కాదు మరి. బ్యాటరీ కొనలేక కాదు. కొన్న ప్రతి బ్యాటరీ జీపులో పది రోజులు ఉండి, ఆ తర్వాత మామిడితోటలో అడవిపందులను అదిలించే కరెంటు కంచెకు వెళ్లిపోయేది. పందులు చెబితే వినవు, జీపుదేముంది, నాలుగు చేతులు పడితే కదులుతుంది అనేవాడు నాయన.

అందువల్ల చిత్తూరు కోర్టు దగ్గర బండి ఎక్కడ ఆపాలో, తిరుపతిలో ఏ రోడ్డు ఎటు వాలుతుందో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నాకు పెళ్లిచూపులకు వెళ్లిన రోజు అందరూ లోపల పిల్లను చూస్తుంటే, నాయన గడపలో నిలబడి వీధిని చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెప్పిన మాట ఒకటే: "వీధి బాగుండాది. తోసే పనిల్యా." నన్ను చూసి కాదు, మా వీధిని చూసి చేసుకున్నారు అని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. కాదని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు.

వాలు దొరకని చోట తోయాలి. శ్రీకాళహస్తిలో ఏటి ఒడ్డున నేలంతా చదునే కాబట్టి అక్కడికి వెళ్లిన ప్రతిసారీ తోపుడే. నాయన స్టీరింగ్ దగ్గర, నేను పక్కసీట్లో, అమ్మ వెనక. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అదే. అమ్మ పట్టుచీర కొంగు నడుముకు దోపి తోసేది. దారిన పోయే పుణ్యాత్ములు ఒకరిద్దరు చెయ్యి వేసేవాళ్లు. జీపు నాలుగు గజాలు దొర్లగానే నాయన రెండో గేరులో క్లచ్ వదిలేవాడు, గుడగుడమని ఇంజన్ అందుకునేది. అందుకున్నాక మాత్రం ఆపేవాడు కాదు. ఆపితే మళ్లీ మొదటికొస్తుందని భయం. అమ్మ పరుగెత్తి వెనక తలుపు పట్టుకుని ఎక్కాలి. నేను సీటు మీద మోకాళ్లతో నిలబడి, వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ జీపులో తిరిగినంత సంతోషంగా నేను మరే బండిలోనూ తిరగలేదు.

నాయన పోయి రెండేళ్లయింది. తోట అమ్మకు, జీపు నాకు వచ్చాయి. నాకు చిత్తూరులో కళ్లద్దాల షాపు ఉంది. అమ్మ మాతోనే ఉంటుంది. తోట గుడిపాల వైపు, ఇంటికి పదిహేను కిలోమీటర్లు. ఆదివారం ఆదివారం నేనే అమ్మను జీపులో తీసుకుపోయేవాణ్ణి. షాపులో పని తగిలితే ఆ ఆదివారం కూడా ఉండేది కాదు. శనివారం సాయంత్రమే ఆమె సంచి సర్దుకుని వాకిట్లో పెట్టుకునేది. కాయ ఆదివారం దాకా ఆగదు రా అనేది. వచ్చేవారం పోదాంలేమ్మా అనేవాణ్ణి నేను. ఆ వచ్చేవారానికి నాలుగు చెట్ల కాయ కింద రాలి ఉండేది.

అలాంటి సమయంలో నాకు ఒరిజినల్ పిచ్చి పట్టింది. తిరుపతిలో పాతబండ్ల మీద మోజున్నవాళ్లు కొందరు ఒక బృందంగా ఏర్పడి, అప్పుడప్పుడు ఒక మైదానంలో బండ్లు వరుసగా నిలిపి జనానికి చూపిస్తారు. ఒకసారి చూడటానికి వెళ్లాను. కడిగి తుడిచి, బంతిపూల దండ వేసి నిలబెట్టిన జీపు ఒకటి చూసేసరికి నా మనసు ఆగలేదు. మా జీపు ఇక్కడ నిలబడాలి, పక్కన నేను నిలబడాలి. ఎంతోకొంత తుడిచి తెస్తే చాలదని, తయారైనప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న బండికే చోటని వాళ్లు చెప్పారు. ఆ రోజే ఇంట్లో ప్రకటించాను: జీపులో ఒక్క నట్టు కూడా ఎవరూ మార్చడానికి వీల్లేదు. ఒక కాగితం మీద చేయవలసిన పనులు రాసుకున్నాను. ముందు లైట్లకు పాత గుండ్రటి అద్దాలు వెతకాలి. వెనక తలుపు మీద రెండుచోట్ల రంగు లేచిపోయి ఇనుము కనబడుతోంది, తుప్పు కాబోలు, అసలు ఆకుపచ్చ రంగు వేయించాలి.

సరిగ్గా అప్పుడే అమ్మ పవర్ స్టీరింగ్ పెట్టించమంది. ఏ ఒక్కరోజో కాదు, అన్నం పెడుతూ ఒకసారి, పూలు కడుతూ ఒకసారి. తోయకుండా తాళంతోనే స్టార్టయ్యేలా సెల్ఫ్ మోటారు, మంచి బ్రేకులు కూడా వేయించమంది. నా చేతులు నొప్పి పుడుతున్నాయని తల్లిమనసు బాధపడుతోందనుకుని పొంగిపోయాను. నాకేం పర్లేదమ్మా, నాయన తిప్పలేదా అన్నాను. ఆమె నన్ను ఒకరకంగా చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమే షాపుకు వచ్చి, దూరాన బోర్డులు మసకగా ఉన్నాయి, అద్దాలు ఇవ్వమంది. నేనే కూర్చోబెట్టి పరీక్ష చేశాను. అంత దూరాన ఎవర్ని చూడాలమ్మా అని ఎగతాళి చేసి, గోధుమరంగు ఫ్రేము ఒకటి ఎంచి పెట్టాను.

వేలూరు రోడ్డులో నాయన ఎప్పుడూ పనిచేయించే ముసలి మెకానిక్ దగ్గరికి జీపు తీసుకెళ్లాను. అన్నా, అంతా ఒరిజినల్‌గా ఉండాలి అన్నాను. ఆయన బానెట్ ఎత్తి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, చివరికి నవ్వలేక పాత టైరు మీద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. ఇది పెట్రోలు బండిగా వచ్చింది, నాయన ఇంజన్ తీయించి డీజిలుది పెట్టించాడు. గేరుబాక్సు ఇంకో బండిది. ముందు సీట్లు పాత బస్సువి, మీటరు ట్రాక్టరుది, హారను లారీది.

"దీంట్లో ఒరిజినల్ అనేది మీ నాయన ఒకడే గదప్పా. ఆయనేమో దిగిపాయె" అన్నాడు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అలాగైతే నాయన చివరిరోజున ఎలా వదిలిపెట్టాడో అదే నా ఒరిజినల్, అలాగే ఉంచుతాను అన్నాను. తిరుపతివాళ్లు ఒప్పుకోరని తెలిసి కూడా అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన బానెట్ దించాడు. జీపు తోసి స్టార్టు చేయించి పంపాడు.

నెల గడిచింది. ఒక బుధవారం పొద్దున షాపుకు పోతూ, డ్రైవింగ్ నేర్పే కారు ఒకటి మా ఊరి ఆటస్థలం పక్కన మెల్లగా తిరుగుతుంటే చూశాను. నాకు మనుషులకంటే ముందు ఫ్రేములు గుర్తొస్తాయి, ఈ వృత్తిలో అదొక జబ్బు. గోధుమరంగు ఫ్రేము. స్టీరింగ్ పట్టుకుని, పెదవులు బిగించి, రోడ్డును మింగేసేటట్టు చూస్తున్నది మా అమ్మ. అరవై రెండేళ్ల మనిషి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి గొడవ పెట్టుకున్నాను. ఈ వయసులో ఏమిటిది, నాకెందుకు చెప్పలేదు, ఎవరు పంపించారు అని వరసపెట్టి అడిగాను. తేలు కుట్టిన దొంగలా నా భార్య చారుగిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. దరఖాస్తు రాసింది, ఫోటో తీయించింది ఆమేనని అప్పుడే అర్థమైంది. అమ్మ మాత్రం తొణక్కుండా అన్నం వడ్డించింది. ఆదివారాల కోసం కాచుకుని కూర్చోవడం తన వల్ల కాదంది. తోట తనది, రోజూ పోయిరావాలంటే బండి తనే తోలుకోవాలంది. పెళ్లైన కొత్తలో ఒకసారి నేర్పమని నాయనను అడిగిందట. స్టీరింగ్ బరువు, నీ చేత కాదు అన్నాడట. అది నిజమేనని, తిప్పి చూస్తే తిరగలేదని, అందుకే ఇప్పుడు పవర్ స్టీరింగ్ అడుగుతున్నానని చెప్పింది.

అయినా నేను తగ్గలేదు. నాయన జ్ఞాపకంగా ఉన్నది ఆ ఒక్క బండే, దాన్ని కూడా మార్చేస్తే ఇంకేం మిగులుతుంది అన్నాను. అమ్మ గరిటె కింద పెట్టింది.

"నువ్వు దాన్ని ముందర కూర్చోని సూసినావు రా. నేను ఎనక నుంచి తోసినాను. నీకు గుర్తుండే జీపు వేరే, నాకు గుర్తుండే జీపు వేరే. నాది కూడా అట్లే పెట్టుకోవల్లనా?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. చప్పట్లు కొట్టిన నా చేతులే నాకు కనబడ్డాయి, సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా, కొంగు దోపుకుని పరుగెత్తే మనిషికి ఆయాసం వస్తుందేమోనని నాకు తట్టలేదు. ఆ సాయంత్రమే జీపు మళ్లీ వేలూరు రోడ్డుకు పోయింది.

పని నెలన్నర పట్టింది. చిన్నకారు నుంచి తీసిన పవర్ స్టీరింగ్, కొత్త బ్రేకులు, సెల్ఫ్ మోటారు, సీటుబెల్టులు, పందులకు అందకుండా తాళం వేసిన బ్యాటరీ. అమ్మకు పెడల్స్ అందేలా సీటు ముందుకు జరిపారు. లారీ హారను మాత్రం తీయవద్దంది, అది ఊరుకోని మనిషి గొంతు, ఉండనీ అంది. రంగు వేయిద్దామంటే రంగు బండి తోలదు గదా అంది. అందువల్ల చొట్టలూ, గీతలూ, వెనక తలుపు మీది మచ్చలూ అలాగే ఉండిపోయాయి.

తిరుపతివాళ్లకు సంగతి చెప్పివద్దామని జీపులోనే వెళ్లాను. వాళ్లు మర్యాదగానే, ఇక దీనికి మా వరుసలో చోటు లేదండీ అన్నారు. బాధ వేయలేదంటే అబద్ధమవుతుంది. అయితే అంతకంటే పెద్ద అవమానం బయటికొచ్చాక జరిగింది. ఎండలో అర కిలోమీటరు నడిచి, చెమటలు కక్కుతూ జీపు దగ్గరికి చేరుకున్నాక గానీ నాకు తట్టలేదు. మైదానం గేటు ముందే కావలసినంత ఖాళీ ఉండగా, కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ ఉన్న బండిని నేను వాలు వెతుక్కుని ఎక్కడో ఆపి వచ్చాను. రోడ్డు మీద ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను. ఇంటికొచ్చి చెబితే అత్తాకోడళ్లు రెండు రోజులు నవ్వారు.

అమ్మ లైసెన్సు పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది. నేర్పినాయన ఆమె క్లచ్ వదిలే తీరు చూసి, ఇంతకుముందు తోలినారా అని అడిగాడట. క్లచ్ యాడ వదలాలో నలభై ఏండ్లుగా ఎనకనుంచి అరస్తానే ఉండా, వినేవాడు వినింటే గదా అని చెప్పిందట.

కాయ కోతకొచ్చిన మొదటి రోజు తోటకు బయలుదేరాం. షాపు మూసేసి నేనూ వెళ్లాను, ధైర్యం చెప్పడానికని పేరు. పక్కసీట్లో, నా పాతచోట్లో కూర్చున్నాను. ధైర్యం నాకే కావలసివచ్చింది. అమ్మ నిదానంగానే తోలింది, దారిలో ఒక లారీని తప్ప దేన్నీ దాటలేదు. ఆ లారీ ఆగి ఉంది. తోటలో నాయన ఎప్పుడూ షెడ్డు వెనక ఏటవాలుగా ఉన్న చోట బండి ఆపేవాడు. అమ్మ అటు పోలేదు. కాయలు కుప్పపోసే చదునులోకి తిప్పి, నేల పలకలా ఉన్న చోట ఇంజన్ ఆపింది.

"అమ్మా, ఈడ వాలు లేదు" అన్నాను, నోరు ఊరుకోక.

"తెలుసులే" అంది.

మధ్యాహ్నం దాకా చెట్టుచెట్టుకూ తిరిగి, కోసేవాళ్లతో మాట్లాడి, ఒక్క కాయా రాలిపోనివ్వకుండా చూసుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. సీటులో కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దం సరిచేసుకుంది. తాళంచెవిని ఒక మెట్టు తిప్పి చెయ్యి తీసేసింది. గేరు రెండులో వేసింది.

"దిగి తొయ్యి" అంది.

"సెల్ఫ్ ఉండాది గదమ్మా."

"ఉండనీ. ఒక్కసారి తొయ్యి రా, నేను ఈడ కూర్చోని సూడాల."

కాయలు కోసే ఆడవాళ్లు ఇద్దరు సాయానికి లేచారు. అమ్మ వాళ్లను కూర్చోమంది, వాడొకడే తోయల్ల అంది. నేను దిగి వెనక్కి వెళ్లాను. నలభై ఏళ్ల వయసులో ఆ జీపును వెనకనుంచి సరిగ్గా చూడటం అదే మొదలు. చేతులు ఎక్కడ వేయాలా అని వెతకబోతే తలుపు మీద రెండు మచ్చలు కనబడ్డాయి, నేను తుప్పని రాసుకున్నవి. నా ఛాతీకంటే కొంచెం కిందుగా, అమ్మ భుజాలంత ఎడంగా ఉన్నాయి. ఇనుము నున్నగా అరిగిపోయి ఉంది. వంగి అక్కడే చేతులు ఆనించాను.

బరువుగా కదిలింది. నాలుగు గజాలు పోయాక, సరిగ్గా ఎక్కడ వదలాలో అక్కడ అమ్మ క్లచ్ వదిలింది. గుడగుడమని ఇంజన్ అందుకుంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను రొప్పుతూ నిలబడి, ఇక ఆపుతుంది, ఎక్కుదాం అనుకున్నాను. ఇప్పుడు ఆపినా మళ్లీ తోయవలసిన బండి కాదది. అమ్మ అద్దంలో నన్ను చూసింది, లారీ హారను ఒకసారి గట్టిగా మోగించింది, ఆపలేదు.

నేను పరుగెత్తాను.