ముసాఫిర్‌ఖానా కమిటీలో నా భార్య

మొయినాబాద్ మున్సిపాలిటీ అయిన కొత్తలో, చెట్లు, చెరువులు, పాత కట్టడాల గురించి సలహాలు చెప్పడానికి ఊరివాళ్లతో ఒక కమిటీ వేశారు. జీతం ఉండదు, నెలకోసారి కూర్చుని మాట్లాడాలి. అందులో నన్ను వేసుకున్నారు. చేవెళ్ల రోడ్డు మీద మాకు సిమెంటు, ఇనుము దుకాణం. రేట్లు అడగడానికి తప్ప అంతవరకు నన్నెవరూ అభిప్రాయం అడిగిన పాపాన పోలేదు. మొదటి మీటింగుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వెళ్లి కూర్చున్నాను.

మా ముందుకొచ్చిన మొదటి సంగతి బస్సులు ఆగే చోట ఉన్న ముసాఫిర్‌ఖానా. వెనకటి బాటసారుల కోసం కట్టిన రాతి కట్టడం అది. గోడలు మందం, కప్పు కారుతుంది. దాన్ని తీసేసి రేకుల షెడ్డు వేద్దామని కొందరు, ఉంచుదామని నేను. నిజాం కాలం గురించీ ఊరి పేరు గురించీ చాలాసేపు మాట్లాడాను. అందరూ తలలూపారు, చాయ్ తాగారు, వాయిదా వేశారు. లేచేటప్పుడు ఒకాయన నవ్వుతూ, మరమ్మతుకు సిమెంటు మీ దుకాణం నుంచేనా సేటూ అన్నాడు.

తర్వాతి మీటింగుకు ముందే దుకాణంలో ఇనుప చువ్వల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. అధ్యక్షుడు రిటైర్డు టీచరు. ఆయన ఫోన్ చేసి, ఈసారి తేల్చేస్తున్నాం, మీ తరఫున ఎవరినైనా పంపమన్నాడు. నేను చెప్పాల్సిందంతా నా భార్యకు నేర్పి పంపాను.

ఆమె సాయంత్రం ముఖమంతా ఎర్రగా కందిపోయి వచ్చింది. నిజాం సంగతి చెప్పావా అని అడిగాను.

"చెప్పలే. అందర్నీ ఎండల బయటికి తోలుకపోయిన" అంది.

పుట్టిల్లు కనకమామిడికి పోయేటప్పుడల్లా ఆమె బస్సు కోసం ఆ ముసాఫిర్‌ఖానాలోనే కూర్చునేది. కమిటీ వాళ్లందరినీ ముందు ఆటోస్టాండు రేకుల కింద నిలబెట్టిందట. కాసేపటికే అందరికీ చెమటలు కారిపోయాయట. అప్పుడు చల్లగా ఉన్న ముసాఫిర్‌ఖానాలోకి తీసుకెళ్లిందట. మీటింగుకు వచ్చిన మున్సిపల్ కమిషనర్ రాతి అరుగు మీద కూర్చుని మెడ తుడుచుకున్నాడట. ఇక ఎవరూ వాదించలేదు. కప్పు బాగుచేసి అదే బస్సు షెల్టరుగా ఉంచాలనీ, ఊళ్లో ఇక రేకుల షెడ్లు వేయొద్దనీ అక్కడే తేల్చేశారు.

నేను కోరుకున్నదే జరిగింది. అయినా నా కడుపు మండిపోయింది.

ఆ తర్వాత కమిటీ ఫోన్లన్నీ నాకే వచ్చేవి, కానీ నా కోసం కాదు. "సేటూ, జర అక్కకు ఇస్తరా?" అనేవారు. ఫోను ఆమె చేతికిచ్చి, కట్టుకాలు పీట మీద పెట్టుకుని వింటూ ఉండేవాణ్ని. ఒకరోజు పేపర్లో ఆమె ఫోటో వచ్చింది. కింద ‘కమిటీ సభ్యురాలు’ అని రాశారు. సభ్యుణ్ని నేను కదా అని ఎవరితో అనను? ఆ పూట పప్పులో ఉప్పెక్కువైందని కంచం నెట్టేశాను. ఆమె రుచి చూసి, మజ్జిగ తెచ్చి పెట్టింది.

కట్టు విప్పాక మీటింగుకు వెళ్లాను. టీచరు నా వెనక గుమ్మం వైపు చూసి, అమ్మ రాలేదా అన్నాడు. నేను మాట్లాడుతుంటే చుట్టం మాట వింటున్నంత మర్యాదగా విన్నారు. చివర్లో కమిషనర్ నన్ను పక్కకు పిలిచి, మహిళల సీటు ఒకటి ఖాళీగా ఉంది, మేడమ్‌ను తీసుకుంటే మీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు. ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఇంట్లో మాత్రం అడగలేదు.

రెండు రోజులు చూసి ఆమే అడిగింది. "మీరు తానానికి పోయినప్పుడు కమిషనర్ సార్ ఫోన్ చేసిండు. మీకు చెప్పిన అన్నడు. నాకెందుకు చెప్పలే?"

అబద్ధం దొరకలేదు. "నాకు ఓర్వబుద్ధి అయితలేదు" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇన్నేండ్లు మీరు అన్నానికి లేస్తే గల్లపెట్టె ముంగట కూసున్నది నేను. మంచి దుకాణం సేటూ అని అందరు మీకే చెప్పి పోతుండె. నాకు గూడ గట్లనే ఉండె" అంది.

అన్నేళ్లలో ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. కమిషనర్ నంబరు కలిపి, అభ్యంతరం లేదని చెప్పి, ఫోను ఆమెకిచ్చాను.

ఇప్పుడు ఇద్దరం వెళుతున్నాం. ఆమె టీచరు పక్కన కూర్చుంటుంది, నేను కిటికీ దగ్గర. ముసాఫిర్‌ఖానా కప్పుకు సున్నపు గచ్చు వేసి బాగుచేశారు. తెరిచిన రోజున మాట్లాడమని ఆమెను పిలిచారు. ఆమె రెండు ముక్కల్లో ముగించింది. జనంతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే, ఆ మైకు ఒక్కసారి నా చేతికి కూడా ఇస్తే బాగుండుననుకున్నాను.