ఆమె గంపలో నా కోడి గుడ్డు

ఆస్పత్రిలో ఉన్న మా పక్కింటక్క పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున నల్లా దగ్గర తెలిసింది. బిందె నిండి పొర్లుతున్నా నల్లా కట్టేయడం మరిచిపోయాను. నీళ్ల విషయంలో నేనెప్పుడూ అలా చేయను.

ఆమెను సాగనంపడానికి మా కామాటిపుర గల్లీల వాళ్లే కాదు, గ్రాంట్ రోడ్ అవతలి నుంచి కూడా జనం వచ్చారు. కూరలమ్మే మరాఠీ ఆవిడ గోడకు తల ఆన్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. ఆమె మీద నా కుళ్లు ఆమెతో పాటే పోతుందనుకుంటే, పోలేదు.

మా రెండు గదులకూ గోడ ఒకటే. వెనక ఇరుకు పెరడూ ఒకటే. మిల్లులు మూతపడిన కాలంలో ఇద్దరం కోళ్లు పెట్టాం. నా కోళ్లకు జాలీ కట్టించాను. రెండు పూటలా ఊడ్చి, కడిగిన నూకలు కొలిచి వేసేదాన్ని. ఆమె కోళ్లు పగలంతా తిరిగేవి. తలుపు పక్కన గోనెపట్టా పరిచిన గంపలో గుడ్లు పెట్టేవి. ఆమె "బొబ్బొబ్బో" అని పిలిస్తే జాలీలోంచి నా కోళ్లు కూడా తలెత్తేవి. నా పిలుపుకు ఎన్నడూ అంత ఆత్రంగా తలెత్తలేదు.

ఇంత చేసినా నా కోళ్లు పెంకు లేని తోలుగుడ్లు పెట్టేవి. చేతిలోకి తీసుకుంటే కుంగిపోయేవి. ఆమెవేమో రాయిలా గట్టివి.

"మా కోడి గుడ్డుకు చీర కట్టి పంపుతది చెల్లె. నీ కోడికి ఏం తొందరనో, బరిబత్తల పంపుతది!" అనేది.

అప్పుడే మా అత్తమ్మ టైఫాయిడ్ నుంచి లేచింది. రోజూ గుడ్డు తినిపించకపోతే కోలుకోదన్నాడు డాక్టరు. అత్తమ్మ తోలుగుడ్డు చూసి మొహం తిప్పుకుంది.

"నాకొద్దు. తోలుగుడ్డు ఇంటికి మంచిది గాదు. పక్కింటి బిడ్డ దగ్గర తేపో. దాని చెయ్యి మంచిది."

రోజూ గిన్నె పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడేదాన్ని. అక్క గుడ్డును కొంగుతో తుడిచి ఇచ్చేది. ఒక్కనాడూ లేదనలేదు. బదులుగా ఏమైనా ఇవ్వబోతే, "నీ అత్త నాకు అత్త గాదా?" అనేది. నాకు మండేది అక్కడే. ఆమెకు బిడ్డ అన్న పిలుపు, నాకు గిన్నె.

పైగా ఆమె కోళ్లు పెరటి వైపు నా గోడను పొడిచేవి. దసరాకు నేను స్వయంగా సున్నం వేసుకున్న గోడ అది. ఒకరోజు ఆగలేక అరిచాను.

"అక్కా, నీ కోళ్లు నా గోడ తింటున్నయి!"

ఆమె పిండి చేతులతో బయటికొచ్చి నవ్వింది.

"తిననియ్యి చెల్లె. గోడ సున్నమే గుడ్డుకెక్కుతది. సున్నం మోసి ఈ ఊరు కట్టినోళ్ల ఇంటి కోడలివి, నీకు నేను జెప్పాల్నా? జాలీ తీసి నీ కోళ్లను ఇడువు."

అంటే ఇన్నాళ్లూ నేను తల వంచుకుని తెచ్చుకున్న గుడ్ల పెంకు నా గోడదే! కుళ్లు రెండింతలైంది. అయినా జాలీ తీసేశాను.

కొన్నాళ్లకు నా ఎర్రకోడి గట్టి గుడ్డు పెట్టింది. పెట్టింది ఆమె గంపలో. అక్క దాన్ని దాచుకోలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి, లోపలికి వినపడేలా కేకేసింది.

"అత్తా, ఇయ్యాల్టి గుడ్డు నీ కోడలి కోడిదే!"

"నీ గంపల పెట్టింది గదా బిడ్డా, అందుకే గట్టిగైంది" అంది అత్తమ్మ.

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మెప్పు నాకు రావాల్సింది. ఇప్పటికీ అదే అంటాను. అయితే అత్తమ్మ లేచి తిరిగిందంటే ఆ గుడ్ల వల్లే. అదీ అంటాను.

ఇప్పుడు ఆమె కోళ్లూ నా దగ్గరే ఉన్నాయి. ఈ ఉదయం మా గుమ్మం ముందు నూకలు చల్లాను. తిన్నంతసేపు తిని అన్నీ ఆమె గుమ్మం దగ్గరికే పోయాయి, నావి కూడా. గంపలో ఎర్రకోడి కింద చెయ్యి పెడితే గుడ్డు దొరికింది. గట్టిగా, వెచ్చగా ఉంది. కొంగుతో తుడిచాను.

అత్తమ్మకు ఈ మధ్య మరుపు. మంచం మీంచే అడిగింది.

"ఆ బిడ్డ ఇచ్చిందా?"

"ఇచ్చింది" అన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే నా ఎర్రకోడి ఇంకా ఆ గంపలోనే ఉంది, తాళం వేసిన ఆమె తలుపు వైపు ముఖం పెట్టి.